సరిహద్దు దాటిన సిక్సర్

మా తాతగారు ఛాంపియన్ రీఫ్ గనిలో గుమాస్తా. సాయంత్రం వాకిట్లో నులకమంచం వాల్చుకుని కూర్చున్నారంటే ముందు కోడి రామమూర్తి నాయుడు వచ్చేవాడు, ఛాతీ మీద ఏనుగుతో సహా. ఆయన వెనకే సి.కె. నాయుడు. ఇంగ్లండులో నాయుడు కొట్టిన బంతి ఒక కౌంటీలో లేచి, ఏరు దాటి, ఇంకో కౌంటీలో పడిందట. కౌంటీ అంటే ఏమిటి తాతా అని అడిగితే, "ఇక్కడ కొడితే బిసానత్తంలో పడినట్టురా, అంటే చిత్తూరు జిల్లాలో" అనేవారు. నేను ఆ దిక్కు చూసి నమ్మేసేవాణ్ణి.

ఇద్దరూ వీరులే గాని ఇద్దరి పురాణాలూ ఒక తీరున పుట్టలేదు. 1882లో వీరఘట్టంలో పుట్టి, సర్కసు పెట్టి, గొలుసులు తెంచిన రామమూర్తికి అచ్చు ముందే సిద్ధంగా ఉంది. కలియుగ భీముడన్నారు, సరిపోయింది. ఈ పద్ధతి మన కోలారు వాళ్ళకి కొత్త కాదు. ఆవణి కొండ మీద లవకుశులు పుట్టారంటాం, అంతరగంగ కొండల్లో పరశురాముడు కార్తవీర్యుణ్ణి చంపాడంటాం. మనకు ఒక్క బండ కనబడితే చాలు, దానికో కథ కట్టేస్తాం.

నాయుడికి అలాంటి అచ్చు లేదు. దొరల ఆటలో బ్యాటు పట్టిన దేవుడెవడూ మన పురాణాల్లో కనిపించడు. ఆయన పురాణాన్ని కట్టింది పత్రికలూ, అంకెలూ, గడియారమూ. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో గిలిగన్ తెచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూ జట్టు తరఫున 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు, అదీ రెండు గంటలలోపే. మర్నాడు పత్రిక చదివినవాడు చదవనివాడికి చెప్పాడు. వాడు ఇంకొకడికి చెప్పేటప్పుడు బంతి ఇంకాస్త దూరం పోయి ఉంటుంది.

నేను లెక్కల వాణ్ణి. బి.కాం. చదివి ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో వోచర్లు సరిచూస్తున్నవాణ్ణి. కాబట్టి తాతగారి సిక్సర్‌ని కూడా ఆడిట్ చేశాను, క్షమించాలి. 1932లో బర్మింగ్‌హాం ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో కొట్టినదంటారు. పక్కన పారే రియా ఏరు ఒకప్పుడు వార్విక్‌షైర్, వూస్టర్‌షైర్‌లకు సరిహద్దే. అయితే ఏటి అవతలి బాల్సల్ హీత్ 1891లోనే బర్మింగ్‌హాంలో కలిసిపోయింది. అంటే నాయుడు బ్యాటెత్తేనాటికి ఆ సరిహద్దు అక్కడ లేక 41 ఏళ్ళయింది. బంతి నిజంగా ఏరు దాటినా పడింది అదే కౌంటీలో.

ఖాతాలోని మిగతా అంకెలు చూస్తే ఇంకా చిత్రం. 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. నేటి కుర్రవాడు ఈ సగటు చూసి పెదవి విరుస్తాడు. ఈయన పేరు విని మా తాతలు ఎందుకు లేచి కూర్చునేవారో సగటు చెప్పదు. 1932 జూన్‌లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు నాయకుడు ఆయన. పోర్‌బందర్ మహారాజు తప్పుకోవడం వల్ల, లింబ్డీ యువరాజుకు దెబ్బ తగలడం వల్ల వచ్చిన నాయకత్వం అది. ఆట 158 పరుగుల తేడాతో ఓడాం. ఓడినవాళ్ళు ఇంటికి ఏదో ఒకటి పట్టుకుపోవాలి కదా. దొర గీసిన గీతని మనవాడి బంతి దాటింది అన్న మాట పట్టుకుపోయారు.

నాయుడి మీద మనవాళ్ళు రాసే వ్యాసాలతో నా పేచీ ఇక్కడే. తెలుగు పౌరుషం, తెలుగు తేజం అంటూ మొదలుపెట్టి సిక్సర్ దగ్గర ఆగిపోతారు. ఆయన కుటుంబం బందరు నుంచి నాగపూరు వలస పోయింది. 1895లో అక్కడే పుట్టాడు, ఇందూరు హోల్కర్ కొలువులో ఆడాడు, 1967లో ఇందూరులోనే పోయాడు. ఆంధ్ర జట్టు రంజీలోకి తొలిసారి దిగిన 1953-54లో, 58 ఏళ్ళ వయసులో, దానికి నాయకుడైనదీ ఆయనే. అంటే ఆయన మనలాంటివాడు, ఇంటిపేరు ఒక ఊరిదీ బతుకు ఇంకో ఊరిదీ. 1956లో గీత గీసి మనల్ని ఇవతల ఉంచినవాళ్ళు మన నాలుకని అడిగి గీయలేదు. మా తాతగారు ఆ సిక్సర్‌ని బిసానత్తంలోనే ఎందుకు పడేశారో నాకు యాభై దాటాక తెలిసింది. పేజీలు నింపే పౌరుషం కన్నా ఇది రాయదగ్గ సంగతి.

పురాణానికి ధర కట్టడం కూడా నాయుడితోనే మొదలు. 1941లో బాత్‌గేట్ వారి లివర్ టానిక్‌కి ఆయన పేరు వాడుకున్నారు. మందు ఎలా పనిచేసిందో గాని ఆ దారి మాత్రం బాగా పనిచేసింది. ఇప్పుడు ఆటగాడి ముఖం లేని గోడ లేదు.

తాతగారి దగ్గర మూడో కథ కూడా ఉండేది, అరుదుగా చెప్పేవారు. గని జట్టులో ఒక గోల్‌కీపర్. రాత్రి షిఫ్టు దిగి పైకి వచ్చి, ముఖం కడుక్కుని, నేరుగా మైదానానికి పోయేవాడట. పెనాల్టీ కొట్టేవాడి కాలు కాదు, కళ్ళు చూసేవాడట. నలభై దాటకముందే ఊపిరితిత్తుల్లో రాతిధూళి చేరి పోయాడు. ఆయన్ని ఏ పత్రికా రాయలేదు, ఆయన బంతి ఏ సరిహద్దూ దాటలేదు. ఆపడమే కదా ఆయన పని.

2001లో గనులు మూతబడ్డాయి. 2018లో సినిమా వచ్చింది. ఇప్పుడు బదిలీ మీద మా శాఖకు వచ్చే కుర్రవాళ్ళు "ఇది రాకీ ఊరు కదండీ" అంటారు. అసలు పుట్టనే పుట్టని మనిషి ఊరైపోయింది మాది. ఆ మాట విన్న రోజు గోల్‌కీపర్ కథ చెబుదామని మొదలుపెట్టాను, పేరు దగ్గర ఆగిపోయాను. తాతగారు ఎన్నోసార్లు చెప్పారు ఆ పేరు. నాకు గుర్తున్నది సి.కె. నాయుడి సగటు.