పులిజూదం నుండి వీడియో గేము దాకా: ఆట నియమాలు, ఆడేవారి బాధ్యత

1. ప్రవేశిక

తెలుగు విమర్శ సినిమాను, జానపద ప్రదర్శన కళలను తన పరిధిలోకి తెచ్చుకున్నది. వీడియో గేమును మాత్రం ఇంకా గడప బయటే ఉంచింది. మన చర్చల్లో అది వ్యసనంగానో, పందెంగానో కనిపిస్తుంది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించింది. అదే సంవత్సరం పోలండ్ ప్రభుత్వం ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ అనే వీడియో గేమును పాఠశాల పఠన జాబితాలో చేర్చనున్నట్లు ప్రకటించింది. ఈ రెండు నిర్ణయాలూ పరస్పర విరుద్ధాలు కావు. వాటి విషయాలే వేరు. అయితే ఒక ఆట గ్రంథంలా చదవదగినది ఎప్పుడవుతుందనే ప్రశ్న మన ముందు మిగిలింది. ఆట ప్రాముఖ్యం దాని కథలోనో, దృశ్యాలలోనో కాక, దాని నియమాలు ఆడేవారిపై మోపే బాధ్యతలో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. నియమమే అర్థం

మార్కాపురం అనగానే పలక గుర్తుకు వస్తుంది. ఆ పలక మీద కొద్దిపాటి గీతలతో గీసుకోగల ఆట పులిజూదం. పేరులో జూదం ఉన్నా పందెం లేకుండానే ఆడవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపగలదు. మేకకు ఆ శక్తి లేదు. మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి పులికి దారి లేకుండా చేయాలి. బలహీనుల ఐక్యత ఇక్కడ నీతివాక్యంగా వినిపించదు, ఎత్తుల్లో అనుభవానికి వస్తుంది. ఇయాన్ బోగోస్ట్ ‘పర్సుయేసివ్ గేమ్స్’ (2007)లో వీడియో గేముల గురించి చెప్పినది ఇదే: ఆట మాటలతో కాక నియమాలతో వాదిస్తుంది.

3. రసాస్వాదన, కర్తృత్వం

లూకాస్ పోప్ రూపొందించిన ‘పేపర్స్, ప్లీజ్’ (2013)లో ఆడేవారు ఒక కల్పిత దేశపు సరిహద్దు తనిఖీ అధికారి. ఎందరి పత్రాలు సక్రమంగా పరిశీలిస్తే అంత వేతనం; ఆ వేతనంతోనే ఇంటివారికి తిండి, మందులు. భర్త లోపలికి వెళ్లాడు. వెనుక వచ్చిన భార్య దగ్గర సరైన పత్రం లేదు. ఆమెను పంపితే నియమం తప్పినట్లు, ఆపితే కుటుంబాన్ని విడదీసినట్లు. సరాయెవో ముట్టడి స్ఫూర్తితో వచ్చిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ (2014)లో ఆకలితో ఉన్న మనవారి కోసం నిస్సహాయులైన వృద్ధ దంపతుల ఇంటిని దోచుకోవచ్చు. ఆపై ఆ పని చేసినవారు కుంగిపోతారు.

మన రససిద్ధాంతానికి ఇది కొత్త పరీక్ష. కరుణరసంలో సహృదయుడు ద్రవిస్తాడు. కాని ఆ దుఃఖానికి తాను కారకుడు కాడు. సాధారణీకరణం వల్ల దుఃఖం వ్యక్తిగతం కాకుండా పోతుంది కనుకనే అది ఆస్వాదయోగ్యమవుతుంది. వీడియో గేములో మీట నొక్కినది మన వేలే. అక్కడ పుట్టేది పశ్చాత్తాపం, అది ప్రేక్షకునికి సాధ్యం కాని భావం. ఆటను మళ్లీ మొదలుపెట్టగల సౌకర్యం దానిని చౌక చేస్తుందనే అభ్యంతరంలో కొంత నిజం ఉంది. అయినా, రెండవసారి ఆడేవారు తమ మొదటి ఎంపికను ఎరుగుదురు.

4. పశ్చిమ ప్రకాశం: రాని ఆట

మార్కాపురం గురించిన గేము అంటే చెన్నకేశవాలయ గోపురాన్ని తెరపై నిలపడమని అనుకోవచ్చు. అది అలంకరణ మాత్రమే. ఈ నేల అసలు నియమాలు నీటిలో ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరుల నడుమ విజయనగర కాలపు కంభం చెరువు ఉంది. 2020లో దానికి ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు లభించింది. చెరువు నీరు పంచుకుంటేనే పారుతుంది. బోరుబావి నియమం వేరు. నా బోరు లోతు పెంచితే పొరుగువాని బోరు ఎండవచ్చు. అతడూ లోతు పెంచుతాడు. ఇద్దరికీ అప్పు మిగులుతుంది. ఎవరి ఎత్తు వారికి సరైనదే, అందరి ఆట ఓటమే. ఇది మేకలు విడిపోయిన పులిజూదం. ఈ విషయాన్ని కథ వర్ణించగలదు. గేము మాత్రమే పాఠకుని చేత బోరు వేయించగలదు.

5. ముగింపు

కనుక వీడియో గేమును విమర్శించేటప్పుడు ‘ఇందులో ఏమి చూపారు?’ అన్న దాని కంటే ‘ఇది మన చేత ఏమి చేయిస్తున్నది?’ అన్న ప్రశ్న ముందు రావాలి. పందెపు ఆటను, పరిశీలించదగిన ఆటను వేరు చేసే గీటురాయి అదే. ఆ గీటురాయిని సిద్ధం చేసుకోవడం తెలుగు శాఖల పని. చట్టం చేయగల పని కాదు.