మెట్టసీమ ఆకాశము: ప్రబంధవర్ణనము, పసులకాపరి చూపు

ప్రబంధమునకు లాక్షణికులు విధించిన అష్టాదశవర్ణనములలో ఋతువులు, సూర్యోదయము, చంద్రోదయము చేరియున్నవి. కావున తెలుగుకవులకు ఆకాశము కొఱవడలేదు. విమర్శకులకు దానిని కొలుచు కొలబద్దయు కొఱవడలేదు. మేఘము విరహమును పెంచినచో ఉద్దీపనవిభావ మందురు. పల్లెటూరి మనిషి కానవచ్చినచో స్వభావోక్తి యందురు. ఇటీవలి రాయలసీమ రచనల విషయమున ‘కఱవు సాహిత్యము’ అను పేరు సిద్ధముగా నున్నది. ఈ మూడు పేళ్ళకును లొంగని అనుభవ మొకటి కర్నూలు, కడప ప్రాంతముల మెట్టభూములలో కలదు. అది పసులతో, గొఱ్ఱెలతో ఆకాశము క్రింద రేయింబవళ్ళు గడుపువాని అనుభవము. వాడు ఆకాశమును చూచి ఆనందించునా? ఆనందించినచో ఆ యానందము అక్కఱ తీరిన పిదప కలుగునదా, అక్కఱలోనే పుట్టునదా? ఈ ప్రశ్నను ఒక ప్రబంధపద్యము, కార్తె సామెతలు, ఒక నేటి నవల ఆధారముగా విచారింతము.

ముందుగా నేలను గూర్చి ఒక మాట. ఈ సీమకు నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలలో చాలవఱకు వర్షించిన పిమ్మట వచ్చును. ఏడాది వాన ఇంచుమించుగా 600, 700 మిల్లీమీటర్లు. కడపవైపునకు ఈశాన్య ఋతుపవనముల వాన కొంత తోడగును. 1860 దశకమున త్రవ్విన కర్నూలు-కడప కాలువ పారిన మేర పచ్చగా నుండును; కాలువ యందని నేలలో అధికభాగము మెట్ట. మెట్టరైతునకు మబ్బు ఎంత అక్కఱయో చెప్పనక్కఱలేదు. ఆ మబ్బు వచ్చిననాడు వాడేమి చేయునో చూడవలెను.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి వర్షర్తువర్ణనము ప్రసిద్ధము. అందు జడివాననాటి రెడ్ల సుఖమును చెప్పు పద్య మొకటి కలదు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులను చింతచిగురుతో కలిపి, నూనెతో పొరటి, ఆవులెగయు ఆరికల యన్నముతో వారు భుజింతురు. పసులు మేతకు పోయినవి. ఇంటనున్న క్రేపులు మేను నాకుచుండగా, మేకయెరువు రగిలించిన కుంపటిచెంత వారు మంచమెక్కుదురు. దీనిని స్వభావోక్తికి ఉదాహరణముగా చూపుట పరిపాటి. అది సరియైనదే, కాని చాలదు.

ఈ పద్యమున మబ్బు లేదు, మెఱుపు లేదు. వాన పద్యము తుదిమాటగా మాత్రమే వచ్చును. అంతవఱకును మనము తిండిని, వెచ్చదనమును, దూడల నాలుకలను చూచుచుందుము. వాననుభవము మనిషికి నేరుగా అందుట లేదు. పశువు మూలముగా అందుచున్నది. పసులు మేతకు పోయినందున తీరిక కలిగినది. తల్లులు పోయినందున దూడలు మనిషిని చేరినవి. మేకలు ఉన్నందున కుంపటి రగిలినది. ఈ మూడింటిలో ఏది లేకున్నను ఆ వాన వట్టి తడి. స్వయముగా ప్రభువైన కవి ఈ సుఖమునకు ‘ప్రభుత్వ’ శబ్దమును వాడుట గమనింపదగినది. అది పరిహాసము కాదు. మెట్టరైతు ఏడాదిలో ఏలిక యగునది ఆ కొన్నినాళ్ళు మాత్రమే.

దీనికి ఎదుట మనుచరిత్ర తృతీయాశ్వాసమునందలి చంద్రోదయమును నిలుపవచ్చును. పెద్దన అగ్రహారమైన కోకటము కడపసీమలోనిదే. ఆ సీమ చంద్రునికి కాపరులెందఱో యెఱుకపడినవారు. ప్రబంధమున మాత్రము చంద్రుడు వరూధిని విరహమునకై ఉదయించును. ఇది పెద్దన లోపము కాదు, ప్రబంధమర్యాద. ఆ మర్యాదలో ఆకాశము మనోభావమునకు అద్దము. రాయల పద్యమున అది ఇంటిపనులలో ఒక భాగము. రెండవదానిని మొదటిదాని కొలతతో కొలిచినచో ‘సహజముగా నున్నది’ అను పొగడ్తకు మించి ఏమియు మిగులదు.

ఇక కార్తెలు. కార్తె యనగా సూర్యుడొక నక్షత్రమున నుండు కాలము. 27 నక్షత్రములకు ఏడాదిని పంచగా ఒక్కొక్కటి 13, 14 దినములగును. మే 25 ప్రాంతమున రోహిణి, జూన్ 8 ప్రాంతమున మృగశిర, జూన్ 22 ప్రాంతమున ఆరుద్ర వచ్చును. రోహిణి యెండకు రోళ్ళు పగులుననుట తెలుగునేల అంతట వినవచ్చును. అయితే సూర్యుడు రోహిణిలో నున్నప్పుడు ఆ నక్షత్రము రాత్రి కానరాదు. అది సూర్యునితో ఉదయించి సూర్యునితో అస్తమించును. ఆ దినములలో నడిరేయి దక్షిణాకాశమున ఎఱ్ఱగా వెలుగునది దానికి ఇంచుమించుగా ఎదుటనుండు జ్యేష్ఠ. అనగా రైతు నోటనున్న చుక్క వాని కంటబడునది కాదు. కార్తెను పంచాంగము చెప్పును, రైతు వినును. కావున కార్తె సామెతలను ఆకాశవర్ణనములుగా చదువుట పొరపాటు. అవి సేద్యపు లెక్కలు.

కన్నులారా చూచిన ఆకాశము వేఱొకటి కలదు. దాని పేళ్ళు పంచాంగములోనివి కావు. కృత్తికలు పిల్లలకోడి. సప్తర్షులలో చతురముగా నున్న నాలుగు చుక్కలు మంచపుకోళ్ళు. ఓరియన్ మండలము నడుమ వరుసగా నున్న మూడు చుక్కలు విత్తనపు గొఱ్ఱును తలపించు గొఱ్ఱుకొయ్యలు. తెల్లవాఱుజామున శుక్రుడు వేగుచుక్క. కవి నేలమీది ముఖమును చంద్రునితో పోల్చును. పల్లెవాడు మింటినున్న దానిని తన వాకిటికి దింపుకొనును. ఉపమానోపమేయములు తాఱుమాఱగుట ఇక్కడ అలంకారశాస్త్రమునకు పనికివచ్చు విషయము.

కోతలైన చేలలో ఎరువుకొఱకు గొఱ్ఱెలమందను రాత్రులు నిలుపుట ఈ సీమలో చిరకాలాచారము. మందకాపరి కంబళి కప్పుకొని దాని ప్రక్కనే పండుకొనును. నక్కకు, తోడేలుకు కావలియుండు వానికి జాములు తెలియవలెను. డిసెంబరు నడుమ గొఱ్ఱుకొయ్యలు నడినెత్తిని సమీపించినచో అర్ధరాత్రి. కాని చుక్క దినమునకు 4 నిమిషములు ముందుగా పొడుచును. నెలకు 2 గంటలు. ఫిబ్రవరి నడుమ ఆ చుక్కలే రాత్రి 8 గంటలకు ఆ తావున నుండును. కావున కాపరి ఒకనాడు నేర్చిన లెక్క మఱునెలకు పనికిరాదు. ప్రతి రాత్రియు చూడవలెను. ఎడతెగక చూచుటను సహృదయలక్షణములలో ఒకటిగా అంగీకరింతుమేని, ఆ లక్షణము కాపరికి వృత్తిచేతనే అబ్బినది.

చంద్రుని చుట్టు ఏర్పడు వరదగుడి విషయమును ఇట్టిదే. గుడి దగ్గఱయైన వాన దూరము, దూరమైన వాన దగ్గఱ యని చెప్పుదురు. ఎత్తైన పలుచని మబ్బులలోని మంచుపలుకులు వెలుగును వంచుటచే 22 డిగ్రీల దూరమున పెద్దవలయ మేర్పడును. నీటిబిందువులచే ఏర్పడు చిన్నవలయము చంద్రుని అంటియుండును. వాయుగుండమునకు ముందు ఎత్తైన మబ్బులు వచ్చుట కలదు గనుక ఆ మాట కొంతవఱకు సహేతుకమే. మందను మెరకకు తోలవలెనా యని తలయెత్తినవాని కన్ను ఆ వలయపు అందమునకు మూసికొనియుండదు. ప్రయోజనము, సౌందర్యము ఒకే చూపున కలుగుచున్నవి.

కఱవు వచ్చిననాడు ఈ చూపు ఏమగును? కడపజిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలము’ నవల దీనికి సమాధానము. 2019లో ఉత్తర అమెరికా తెలుగు సంఘము వారి బహుమతి పొందిన ఈ నవల 2021లో చలనచిత్రముగను వచ్చినది. ఊర మేతయు నీరును కఱవైనప్పుడు కాపరులు మందలను నల్లమలకు తోలుకొనిపోవుటయే కొండపొలము. ఇచ్చట ‘పొలము’ పైరు పండు చేను కాదు. పసులు మేయు తావు. రాయల పద్యమున పసులు ‘పొలము’ పోవుటలోని యర్థమే ఇది. గ్రంథములలో మఱుగుపడిన అర్థము కాపరుల నోట ఐదువందల యేండ్లు నిలిచినది.

ఉద్యోగము దొరకని రవీంద్ర తండ్రితో మందవెంట అడవికి పోవును. ఈ నవలను కఱవు సాహిత్యమని ఊరకుండుట సుకరము. కాని కఱవు ఇందు కారణమే కాని విషయము కాదు. చదువుకొన్నవాడు గొఱ్ఱెల ఆకలిదప్పుల వెంబడి నడచి, చూచుటను మఱల నేర్చుకొనుటయే విషయము. పులిభయము పోవుటయు ఆ విద్యలోని భాగమే. తుదకతడు అటవీశాఖాధికారి యగుట మాత్రము నాకు కొంత వెలితిగా తోచును. అడవి నేర్పిన విద్యకు ఉద్యోగపు ముద్ర పడినది; ఆ విద్యనే జీవితమంతయు మోసిన తండ్రి తరమునకు ఏ ముద్రయు లేదు.

ఈ వెలితి మన పరిశోధనలోను కలదు. 1868లో కెప్టెన్ కార్ సామెతలను అచ్చువేయించిన నాటినుండి సంకలనములు పెక్కు వచ్చినవి. సామెతను అకారాదిగా పేర్చినప్పుడు దాని కార్తె, పైరు, పశువు జాఱిపోవును. చుక్కపేరును పేరుగా మాత్రము వ్రాసికొన్నచో అది ఏ మాసమున, ఏ జామున, ఏ పనికై చూడబడునో తెలియదు. పరిశోధకులు మంద నిలిచిన చేనికి రాత్రివేళ పోయి, చెప్పినవాని పనితోపాటు మాటను వ్రాసికొనవలెను. కాపరితనము విడిచినవాడు చుక్కపేరు మఱచుటకు ఒక్క తరము చాలును. ఆ పేరు పోయిన పిదప రాయల పద్యము నిలిచియే యుండును. దానిని స్వభావోక్తి యనుటకు మించి చెప్పగలవారు మాత్రము ఉండరు.