గడువు మీద ఇచ్చిన నంబరు

గుడియాత్తంలో లుంగీల గోడౌను, వేలూరులో కాపురం. మధ్య దూరం 30 కిలోమీటర్ల పైమాటే. గోడౌన్లో కెమెరాలు పెట్టించుకున్న మనిషికి రాత్రి పడుకునే ముందు ఫోన్లో ఒకసారి అంతా చూసుకోవాలని ఉంటుంది. కెమెరాలు బిగించిన కుర్రాడు ఒక నంబరు రాసిచ్చి, "ఇది కొట్టండి సార్, వస్తుంది" అని వెళ్లిపోతాడు. కొన్నాళ్లు వస్తుంది. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక రాదు. కెమెరా బాగానే ఉంటుంది, నెట్ బాగానే ఉంటుంది, నంబరే మారిపోయి ఉంటుంది. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం నడిచే ఆ సరిహద్దు ఊళ్లలో ఇలాంటివాళ్లు ఏ భాషలో అడిగినా అడిగేది ఒకటే: మన కనెక్షన్‌కి ఉన్నది ఎప్పుడూ మారని నంబరా (స్టాటిక్ ఐపీ), మారగల నంబరా (డైనమిక్ ఐపీ)? ముందే తెలుసుకోవడం ఎలా?

అందరూ చెప్పే చిట్కా ఒకటుంది. మన ఐపీ ఎంతో ఏదో ఒక సైట్లో చూసి రాసిపెట్టుకోవడం, రౌటర్ ఆపి మళ్లీ వేయడం, మళ్లీ చూడటం. మారితే డైనమిక్, అంతవరకు సరే. మారకపోతే స్టాటిక్ అనుకుంటారు, చిక్కంతా అక్కడే. డైనమిక్ అడ్రస్ వారాలు, నెలలు కూడా కదలకుండా ఉండగలదు. అది కాకతాళీయం కాదు. వీలైనంతవరకు కదలకుండా ఉండాలనే ఎవరో కూర్చుని, ఒక్కొక్క సందర్భం ఊహించుకుని, ఓపికగా రాశారు. ఆ పనితనం గురించి చెప్పాలనే ఈ వ్యాసం.

అలా రాసిన నియమావళి పేరు డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్, పొట్టిగా డీహెచ్‌సీపీ. అమెరికాలో పెన్సిల్వేనియాలోని బక్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాల్ఫ్ డ్రోమ్స్ పేరు మీద 1993 అక్టోబరులో మొదట వెలువడింది. 1997 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే పత్రం ఇప్పటికీ దానికి ఆధారం. అంతకు ముందు బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ 1985లో రాసిన బూట్‌పీ ఉండేది. అందులో ఏ యంత్రానికి ఏ నంబరో ఒక మనిషి పట్టికలో ఎక్కించాలి. ఎక్కించాక ఆ యంత్రం మూలపడినా నంబరు దాని పేరు మీదే ఉండిపోయేది. డ్రోమ్స్ పాతదాన్ని పడగొట్టలేదు. బూట్‌పీ సందేశం ఆకారాన్నీ, 67, 68 అనే పోర్టు నంబర్లనూ అలాగే ఉంచి, అప్పటికే నడుస్తున్న మధ్యవర్తి యంత్రాలు వృథా కాకుండా చూసి, ఆ పాత గోడల మధ్యే కొత్తగా గడువు అనే ఏర్పాటు చేశారు.

ఇంట్లో రౌటర్ లేచిన క్షణంలో దానికి చిరునామా ఉండదు. తన చిరునామా ఉండాల్సిన చోట 0.0.0.0 అని రాసుకుని, 255.255.255.255కి, అంటే వినగలిగిన వాళ్లందరికీ, నాకో నంబరు కావాలని కేక వేస్తుంది. విన్న సర్వర్ ఒక నంబరు చూపించి, ఇన్ని సెకన్లకు ఇస్తానంటుంది. రౌటర్ సరేనంటుంది. సర్వర్ ఖాయం చేస్తుంది. నాలుగు మాటల్లో బేరం ముగుస్తుంది. మూడో మాటలో ఒక సొగసు ఉంది. తనకు నంబరు ఇవ్వజూపిన సర్వర్ ఎవరో రౌటర్‌కు అప్పటికే తెలుసు, అయినా సమాధానం దానికొక్కదానికే చెప్పదు, మళ్లీ అందరికీ వినపడేలా చెబుతుంది. ఎందుకంటే ఒకటికంటే ఎక్కువ సర్వర్లు నంబర్లు చూపించి ఉండవచ్చు. ఎవరి మాట ఒప్పుకుందో ఆ ఒక్క కేకతోనే అందరికీ తెలిసిపోతుంది. మిగతావాళ్లు తాము పక్కన పెట్టిన నంబర్లను వెనక్కి తీసుకుంటారు. విడివిడిగా వద్దని చెప్పే పని లేదు.

ఇక గడువు సంగతి. వేలూరు సీఎంసీ ఆస్పత్రికి వచ్చి, ఎదురుగా బాబూరావు వీధిలోనో గాంధీ రోడ్డులోనో లాడ్జీలో దిగినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. డాక్టరుగారు మరో పరీక్ష రాస్తారు. గది గడువు ఇంకా ఉండగానే కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఇంకో రెండు రోజులు ఉంటామని చెబుతారు. అదే గది, అదే తాళం. అలా మూడు వారాలు ఉన్నా గది వాళ్లది కాదు. డైనమిక్ ఐపీ సరిగ్గా అలాంటిది. నంబరుకు ఇచ్చిన గడువును లీజు అంటారు. అది 24 గంటలు అనుకుంటే, 12 గంటలు గడిచాక రౌటర్ తనకు నంబరు ఇచ్చిన సర్వర్‌నే నెమ్మదిగా, దానికొక్కదానికే వినపడేలా, పొడిగించమని అడుగుతుంది. జవాబు వస్తే గడియారం మళ్లీ మొదటినుంచి. రాకపోతే నంబరు వాడుకుంటూనే ఓపిక పడుతుంది. 21వ గంట దాకా, అంటే గడువులో ఎనిమిదింట ఏడు వంతుల దాకా ఉలుకూ పలుకూ లేకపోతే, అప్పుడు మళ్లీ అందరికీ కేక వేసి ఎవరైనా పొడిగిస్తారా అని అడుగుతుంది. 24 నిండినా ఎవరూ పలకకపోతే నంబరు వదిలేస్తుంది. ఇంట్లో సినిమా చూస్తున్నవాళ్లకు ఇందులో ఏదీ తెలియదు.

రౌటర్ కొంతసేపు ఆగిపోయి గడువు దాటినా వెంటనే కొత్త నంబరు రావాలని లేదు. సర్వర్ ఎంపిక చేసే వరుసను పత్రమే సూచించింది: ముందు ఆ యంత్రానికి ఇప్పుడున్న నంబరు, లేకపోతే ఇంతకుముందు ఇచ్చినది ఖాళీగా ఉంటే అదే, లేకపోతే అది కోరుకున్నది, ఏదీ కుదరనప్పుడే గుంపులోంచి కొత్తది. రౌటర్ ఆపి వేసినా నంబరు మారకపోవడానికి కారణం ఇదే.

నాకు అన్నిటికంటే నచ్చినది కరెంటు పోయి వచ్చినప్పటి జాగ్రత్త. గుడియాత్తంలో ఒక వీధికి కరెంటు తిరిగి వచ్చిందంటే ఆ వీధి రౌటర్లన్నీ కలిసి లేస్తాయి. అన్నీ ఒకే క్షణంలో కేక వేస్తే సర్వర్ ఊపిరాడక చస్తుంది. అందుకే లేచిన రౌటర్ 1 నుంచి 10 సెకన్ల లోపు ఏదో ఒక వ్యవధి ఆగి అడగాలని పత్రం చెప్పింది. ఎంత ఆగాలో ప్రతి యంత్రం తనంతట తాను చీటీ తీసినట్టు తేల్చుకుంటుంది. జవాబు రాకపోతే సుమారు 4 సెకన్లు ఆగి మళ్లీ, తర్వాత 8, తర్వాత 16, అలా 64 దాకా రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ ఒక సెకను అటో ఇటో జరుపుతూ అడగాలి. వాడుకునే మనిషి కంటికి ఎప్పటికీ కనపడని మర్యాద ఇది.

గడియారాల విషయంలోనూ అంతే శ్రద్ధ. గడువు ఫలానా తేదీ ఫలానా గంట అని ఉండదు, ఇప్పటి నుంచి ఇన్ని సెకన్లు అని ఉంటుంది. ఇంటి రౌటర్ గడియారం, సర్వర్ గడియారం ఒకటే చూపిస్తాయన్న నమ్మకం లేదు కదా. రెండిటి నడకలోనూ తేడా ఉండవచ్చు. అందుకని సర్వర్ తన పుస్తకంలో కాస్త ఎక్కువ గడువు రాసుకుని, ఇంటికి తక్కువ చెప్పవచ్చని కూడా అనుమతించారు. ఇంటి గడియారం మెల్లగా నడిచినా ఒకే నంబరు ఇద్దరి చేతిలో పడదు.

ఇదంతా చూశాక మన పరీక్షలో వెతకాల్సింది గడువు. ఎక్కడ వెతకాలన్నదే ముఖ్యం. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ అని కొడితే లీజు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగుస్తుందో తేదీలతో సహా కనిపిస్తుంది. దాన్ని చూసి కనెక్షన్ డైనమిక్ అని తేల్చేస్తారు కొందరు. అది కంప్యూటర్‌కు ఇంటి రౌటర్ ఇచ్చిన లీజు, ఇంటర్నెట్ కంపెనీ ఇంటికి ఇచ్చినది వేరే. దానికోసం రౌటర్ పేజీ తెరవాలి. ఆ పేజీ అడ్రసు, తరచుగా 192.168.1.1, రౌటర్ అడుగున చీటీ మీద ఉంటుంది. అందులో వాన్ స్టేటస్, అంటే బయటి కనెక్షన్ వివరాలు, చూడాలి. స్టాటిక్ అని ఉండి, నంబరు, గేట్‌వే చేత్తో టైపు చేసి ఉంటే స్థిరమైనదే. డీహెచ్‌సీపీ అని ఉంటే ఇంతవరకు చెప్పిన కథే. పీపీపీఓఈ అని ఉంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లే పద్ధతి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ ఇళ్లలో తరచుగా ఇదే. దీనిలో లీజు ఉండదు, సెషన్ ఉన్నంతసేపే నంబరు. కాబట్టి రౌటర్ ఆపి వేసే చిట్కా ఇక్కడ చాలావరకు పనిచేస్తుంది.

ఆ పేజీలోని వాన్ నంబరూ, బయటి సైటు చూపించే నంబరూ ఒకటేనా అన్నది మరవకుండా చూడాలి. వేరైతే, ముఖ్యంగా వాన్ నంబరు 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, అనేక ఇళ్లు ఒకే బయటి నంబరు పంచుకుంటున్నాయని అర్థం. కారణం కొరత: ఈ తరహా నంబర్ల పద్ధతి ఐపీవీ4లో ఉన్నవి సుమారు 429 కోట్ల నంబర్లే. ప్రపంచ ఖజానా 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది, ఆసియా పసిఫిక్ వాటా అదే ఏప్రిల్ 15కి చివరి మూటకు చేరింది. కంపెనీల లోపలి వాడకానికి ఈ 100.64 వరుసను 2012లో పక్కన పెట్టారు. ఇలాంటి కనెక్షన్ మీద నంబరు కొట్టి కెమెరా తెరవడం కుదరదు. కెమెరాయే బయటి సర్వర్‌ను పలకరించే యాప్ వాడాలి, లేదా కంపెనీని పబ్లిక్ ఐపీ అడగాలి.

డీహెచ్‌సీపీ, పీపీపీఓఈ రెండిటిలోనూ కంపెనీ తన వైపున ఒక ఇంటికి ఒకే నంబరు కట్టిపెట్టవచ్చు. అది ఇంటి రౌటర్‌కు తెలియదు. అలాంటప్పుడు నంబరుకు కంపెనీ పెట్టిన పేరు చూడాలి. ఎన్‌ఎస్‌లుకప్ అని కొట్టి బయటి నంబరు ఇస్తే ఆ పేరు వస్తుంది. ఎయిర్‌టెల్ బ్రాడ్‌బ్యాండ్ తమిళనాడు నంబర్లకు ఏబీటీఎస్-టీఎన్-డైనమిక్ అని మొదలయ్యే పేర్లు ఉండేవి, స్థిరమైనవాటికి అదే చోట స్టాటిక్ అని ఉండేది. కొన్ని కంపెనీలు పేరే పెట్టవు. అప్పుడు నెల బిల్లు తీసి చూడాలి. స్టాటిక్ ఐపీ తీసుకుని ఉంటే సాధారణంగా దాని ఛార్జీ విడిగా ఒక వరుసలో పడి ఉంటుంది.