పటము, గడి, వర్ణము: బొమ్మల కథలో చూపు నడక

బొమ్మల కథా పుస్తకమును పసివారి కాలక్షేపమని త్రోసివేయుట మన సాహిత్య శాఖలలో ఇంకను పోని అలవాటు. దానికి బదులుగా, చేర్యాల పటమే తొలి కామిక్స్ అని సగర్వముగా చెప్పువారును కలరు. ఈ రెండవ మాట విన నింపుగా నున్నను పరీక్షకు నిలువదు.

తెలంగాణమున నకాషీ చిత్రకారులు వ్రాయు ఈ పటము నిలువుగా సాగును. అడ్డుపట్టెలుగా విభక్తమై యుండును. పట్టెకును పట్టెకును నడుమ పూల అంచు. నేల యంతయు ఎఱుపు. నేల మారదు గనుక రంగును బట్టి ఘట్టము మారినదని తెలియదు. రంగు తెలుపునది వ్యక్తిని. దేవతలకు నీలము, దేవేరులకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమవన్నె. పద్మశాలీలకు మార్కండేయ పురాణము వినిపించు కూనపులివారి పటమున ఒకే పాత్ర పలుమార్లు కనిపించినను పోల్చుకొనుటకు తోడ్పడునది ఈ నియమమే. అయితే ఏ బొమ్మ ముందు, ఏది వెనుక? ఆ క్రమము పూర్తిగా పటములో లేదు. కథకుని చేతికఱ్ఱలో ఉన్నది.

ముద్రిత పుస్తకమునకు కథకుడు లేడు. కఱ్ఱ చేయు పనిని గడుల కూర్పును, రంగును పంచుకొనవలెను. 1967లో అనంత్ పాయ్ ఆరంభించిన అమర్ చిత్ర కథ పుస్తకములలో గడులు ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి, అనగా మన లిపి నడచు దారినే నడచును. పెద్ద గడికడ చూపు ఆగును. సన్నని గడులు వరుసగా వచ్చినచో వడి హెచ్చును. గడుల నడిమి తెల్లని సందు పూల అంచు వంటిదే గాని పని వేఱు. అంచు ఘట్టమును ముగించును. సందు పాఠకుని ఊహను రేపును. (స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వెలువరించిన గ్రంథమున ఈ సందును గూర్చి విపులముగా చర్చించినాడు.) నేల నీలమైనచో రాత్రి, ఎఱుపైనచో ఆగ్రహము: పటమున మూగగా నుండిన నేల ఇచట మాటాడుచున్నది.

1947లో వెలువడిన చందమామ కథలలో మాత్రము అక్షరమే క్రమమును నడపినది. బొమ్మ ఒక క్షణమును పట్టి నిలిపినది.

కోనసీమకు వశిష్ఠ ఆవలి గట్టున, నరసాపురమున 1933లో జన్మించిన బాపుది మఱియొక దారి. ఆయన గీతకు రంగు అలంకారమే గాని ఆధారము కాదు. బొమ్మలోని మనిషి చూచు దిక్కే పాఠకుని కంటికి దారి. తన సినిమాల దృశ్యములను ముందుగా బొమ్మలుగా గీసికొనుట ఆయన పద్ధతి. గడుల వరుసయే తెరమీది వరుసయైనదనుట అతిశయోక్తి కాదు.

కులపురాణములను సేకరించు పరిశోధక విద్యార్థులు తఱచుగా కథకుని నోటిమాటను మాత్రమే వ్రాసికొని వచ్చుచున్నారు. ఏ మాటకు కఱ్ఱ ఏ బొమ్మపై నిలిచినదో వ్రాయరు. అట్టి పాఠము, బొమ్మలు తొలగించి మాటల బుడగలను మాత్రము అచ్చువేసిన కామిక్స్ వంటిది. నోటుపుస్తకమున కుడి పేజీని మాటకు, ఎడమ పేజీని పట్టె సంఖ్యకు కేటాయించిన చాలును; అమలాపురమునుండి బయలుదేరు విద్యార్థికి ఇందుకు చిత్రకళా శిక్షణ అక్కఱలేదు.