మూర్తిమత్వ పరీక్షలు, కాపరి పిలుపు: ఒక విమర్శనాత్మక పరిశీలన

మా సంఘములోని ఒక యువకుణ్ణి బైబిలు శిక్షణకు సిఫారసు చేస్తూ కొంతకాలము క్రితము ఒక ఉత్తరము రాశాను. అతడు డిగ్రీ చదివినవాడు. ఆరేళ్ళుగా ఆదివారపు బడి నడిపిస్తున్నాడు. లింగాల నుండి అడవిలోని చెంచు పెంటలకు వెళ్ళవలసి వచ్చినప్పుడు నాతో బయలుదేరేవాడు అతడొక్కడే. శిక్షణనిచ్చే సంస్థవారు అతణ్ణి పిలిపించి అరవై ప్రశ్నల కాగితమొకటి నింపించారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరము. నెల తరువాత వచ్చిన జవాబులో రెండే మాటలున్నవి: అభ్యర్థి అంతర్ముఖుడు; కాపరి పరిచర్యకు అతని మూర్తిమత్వము అనుకూలము కాదు.

ఆ కాగితము నాకు చూపించి, "అయ్యగారూ, అయితే దేవుడు నన్ను పిలువలేదంటారా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసము ఆ కారణము చేతనే రాస్తున్నాను.

ఈ పరీక్షలు ఎక్కడివి?

మూర్తిమత్వము అనే మాట మన విద్యార్థులకు కొత్త కాదు. టెట్‌కు, డీఎస్సీకి చదివినవారందరూ అంతర్ముఖులు, బహిర్ముఖులు, మధ్యలో ఉభయముఖులు అని కంఠస్థము చేసినవారే. అంతర్ముఖ, బహిర్ముఖ విభజనను కార్ల్ యూంగ్ 1921లో వెలువడిన తన గ్రంథములో వివరించాడు. వైద్యునిగా తాను చూసినదాని మీద, తాను చదివినదాని మీద కట్టుకొన్న ఆలోచన అది. దానిని ప్రశ్నాపత్రముగా మార్చినవారు అమెరికాకు చెందిన తల్లీకూతుళ్ళు, కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్. ఇద్దరిలో ఎవరూ మనస్తత్వశాస్త్రములో శిక్షణ పొందినవారు కారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో మొదలైన ఆ పరీక్షను ఒక పెద్ద పరీక్షల సంస్థ 1962లో ప్రచురించినది. నాలుగు జంటలు, ప్రతి జంటలో ఏదో ఒక వైపు, వెరసి 16 రకముల మనుష్యులు. కంపెనీలలో మైయర్స్-బ్రిగ్స్ అని వాడేది ఇదే.

సంఘములలోకి మాత్రము ఈ ధోరణి ముందుగా వేరే దారిన వచ్చినది. శరీరములో రక్తము, పసుపు పిత్తము, నల్ల పిత్తము, శ్లేష్మము అని నాలుగు ద్రవములున్నవనీ, వాటిలో ఏది అధికమైతే మనిషి స్వభావము ఆ విధముగా ఉంటుందనీ ప్రాచీన గ్రీకు వైద్యులు భావించారు. ఆ వైద్యమును వైద్యులు ఎన్నడో విడిచిపెట్టారు. పేర్లు మాత్రము మన సెమినార్లలో ఇంకా బ్రదికి ఉన్నవి: సాంగ్విన్, కోలరిక్, మెలాంకలిక్, ఫ్లెగ్మాటిక్. నార్వే దేశపు వేదాంతి హాలెస్బీ వీటి మీద రాశాడు. ఆయనను చదివిన అమెరికా బాప్తిస్టు కాపరి టిమ్ లహే 1966లో "స్పిరిట్ కంట్రోల్డ్ టెంపరమెంట్" అనే పుస్తకము వెలువరించి ఈ నాలుగింటిని ఇంటింటి మాటగా చేశాడు. మన వాత, పిత్త, కఫములకు ఇవి దగ్గరి చుట్టములు. ఆయుర్వేదమంటే అన్యమత విద్య అని అనుమానించే సేవకులే గ్రీకువారి కఫమును నిస్సంకోచముగా బోధించడము నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

లహేకు న్యాయము చేయవలెనంటే ఒక మాట చెప్పాలి. పుట్టు స్వభావము మారదు కాబట్టి ఊరుకొమ్మని ఆయన రాయలేదు. పరిశుద్ధాత్మ ఆ స్వభావములోని బలహీనతలను సరిచేస్తాడన్నాడు. కాని మన సేవకులలో కొందరు ఆయన పుస్తకములోని మొదటి సగము మాత్రమే నేర్చుకొన్నారు. "నేను కోలరిక్‌ని బ్రదర్, కోపము వస్తుంది, ఏమి చేయమంటారు?" అని ఒక కాపరి సంఘ పెద్దలతో అనగా విన్నాను. ఆశానిగ్రహము ఆత్మఫలములో ఉన్నదా, నాలుగు రకములలో ఒకదానికే ఇచ్చిన వరమా?

ఎందుకింత ఆదరణ?

1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, వారము తరువాత ఎవరి ఫలితము వారికి ఇచ్చాడు. అది తమ స్వభావమును ఎంత సరిగా వర్ణించినదో 5కు మార్కులు వేయుమన్నాడు. సగటున 4కు పైగా వేశారు. తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, అందరికీ ఇచ్చినది ఒకే కాగితము. అందులోని మాటలలో చాలావరకు అంగడిలో కొన్న జ్యోతిష్య పుస్తకములో నుండి ఏరినవి. నీవు పైకి గట్టిగా కనబడతావు గాని లోపల మెత్తనివాడవు అని ఏ సంతలో ఏ మనిషితో చెప్పినా, "నిజమే, నీకెట్ల తెలిసింది?" అంటాడు.

ఉగాదికి పంచాంగ శ్రవణము మానుకొన్న విశ్వాసి, ఆదివారము రాశిఫలముల పుట తిప్పివేసే విశ్వాసి, పరీక్ష అన్న పేరుతో వచ్చేసరికి అదే మాటను సంతోషముగా అందుకొంటున్నాడు. తప్పు అతనిది మాత్రమే కాదు. "నీవు ఎవరవో నాకు తెలుసు" అని చెప్పేవారి కోసము మనిషి దాహముతో ఉంటాడు. కాపరులు ఇంటింటికి వెళ్ళి కూర్చోవడము తగ్గిన కొలదీ ఆ దాహమును కాగితములు తీరుస్తున్నవి. పిల్లల వేలిముద్రలు తీసుకొని వారి స్వభావము, తెలివి చెబుతామనే డీఎంఐటీ పరీక్షకు తల్లిదండ్రులు వేల రూపాయలు పోస్తున్నారు. దానికి శాస్త్రీయమైన ఆధారము లేదని భారత మనోవైద్యుల సంఘము 2019లోనే ప్రకటించినది.

కొలత నిలుస్తుందా?

మన పాఠ్యపుస్తకములు రెండు మాటలను వేరుచేసి చెబుతాయి: విశ్వసనీయత, సప్రమాణత. ఒకే వస్తువును మరల తూచినప్పుడు అదే తూకము వచ్చుట విశ్వసనీయత. తూచవలసినదానినే తూచుట సప్రమాణత.

మొదటిదానికి నేనే సాక్షిని. సేవకుల కూటమొకదానిలో నాలుగు స్వభావముల పరీక్ష రాస్తే నాకు మెలాంకలిక్ అని వచ్చినది. అది మా తండ్రి చనిపోయిన సంవత్సరము. రెండేళ్ళ తరువాత మరొక కూటములో, మరొకరి చేతి మీదుగా, అదే పరీక్ష రాస్తే సాంగ్విన్ అని వచ్చినది. ఆ కూటములో భోజనములు బాగున్నవి.

నవ్వులాట అటుంచితే, మైయర్స్-బ్రిగ్స్ పరిశోధనలను 1993లో సమీక్షించిన డేవిడ్ పిటెంజర్, ఐదు వారముల తేడాతో మరల రాసినా సగము మంది వరకు వేరే రకములో పడగలరని చూపాడు. కారణము సులువుగానే అర్థమవుతుంది. పదవ తరగతిలో 35 మార్కులు వస్తే పాసు, 34 వస్తే ఫెయిలు. 36 వచ్చినవాడు 34 వచ్చినవానికి దగ్గరివాడా, 90 వచ్చినవానికి దగ్గరివాడా? జనులలో ఎక్కువమంది ఆ గీతకు అటూ ఇటూ మధ్యలోనే ఉంటారు. మెక్‌క్రే, కోస్టా అనే పరిశోధకులు 1989లో చూచినప్పుడు, మనుష్యులు రెండు గుంపులుగా విడిపోయిన జాడ కనబడలేదు. మధ్యలో గీత గీసి, ఇటువాడు ఒక రకము, అటువాడు వేరొక రకము అనడము పరీక్ష చేసిన పని. సృష్టికర్త చేసినది కాదు. అందుచేతనే నేటి మనస్తత్వ పరిశోధకులలో ఎక్కువమంది రకములను వదలి, ఐదు లక్షణములను ఎక్కువ తక్కువలుగా కొలుస్తున్నారు. అది దీనికంటె మేలైన పద్ధతే.

ఇక రెండవది. ఈ పరీక్షలు కొలిచేది మనిషిని కాదు, తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాటను. మా యువకుడు ఉన్నదున్నట్టు రాశాడు. పదిమందిలో మాట్లాడటము కంటె ఒకరిద్దరితో కూర్చోవడము ఇష్టమన్నాడు. ఏ జవాబు రాస్తే సీటు వస్తుందో తెలిసినవాడు వేరుగా రాసి ఉండేవాడు. అంటే ఆ కాగితము నిజాయితీపరుణ్ణి ఆపి, గడుసువాణ్ణి పంపగలదు. మైయర్స్-బ్రిగ్స్ హక్కుదారులు సైతము, అభ్యర్థులను వడపోయుటకు దీనిని వాడరాదని తమ నియమములలో రాసుకొన్నారు. అమ్మేవారే వద్దన్న పనికి మనము వాడుచున్నాము.

పైగా ఇవి తెలుగులోకి వచ్చిన తీరు చూడండి. మా సంఘ పెద్దలతో ఒకసారి అటువంటి కాగితము చదివించాను. "మీరు పార్టీలో అందరితో కలిసిపోతారా?" అని ఒక ప్రశ్న. ఒక పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "నేను ఏ పార్టీల లేను అయ్యగారూ, అందరికీ ఓటేస్తనని చెప్త" అన్నాడు. మరొక ప్రశ్న, ఒంటరిగా గదిలో గడపడము మీకిష్టమా అని. ఒకే గదిలో ఆరుగురు పడుకొనే ఇంటివారికి ఆ ప్రశ్న దేనిని కొలుస్తుంది? ఇది మన ఊరి చిక్కు మాత్రమే కాదు. బొలీవియా అడవులలో వేట, సాగుల మీద బ్రదికే చిమానే జనులలో 632 మందిని ఆ మేలైన ఐదు లక్షణముల పద్ధతితోనే పరీక్షించి 2013లో ప్రచురించిన పరిశోధనలో ఆ ఐదు అక్కడ తేలనే లేదు. నల్లమల అంచున సేవ చేసేవారికి ఈ సంగతి బొత్తిగా దూరపుది కాదు.

భార్యాభర్తలు ఒకరినొకరు అర్థము చేసుకొనుటకు, యౌవనస్థుల కూటములో మాట కలుపుటకు ఇవి పనికివస్తాయని కొందరు మిత్రులు వాదిస్తారు. ఒప్పుకొంటాను. మాట మొదలుపెట్టుటకు ఏదైనా పనికివస్తుంది. తలుపు మూయుటకు వాడినప్పుడే నాకు అభ్యంతరము.

వాక్యములోని మనుష్యులు

లహే తరువాతి పుస్తకమొకదానిలో పేతురును సాంగ్విన్‌గా, పౌలును కోలరిక్‌గా, మోషేను మెలాంకలిక్‌గా, అబ్రాహామును ఫ్లెగ్మాటిక్‌గా చూపాడు. ప్రసంగమునకు ఇది బాగానే ఉంటుంది. వాక్యము ముందు నిలువదు. నెమ్మదిగల అబ్రాహామే 318 మందిని వెంటబెట్టుకొని రాత్రివేళ రాజుల మీద పడ్డాడు (ఆది. 14:14-15). ఐగుప్తీయుని చంపి, పలకలు పగులగొట్టిన మోషేను గూర్చియే భూమి మీద అతనంత సాత్వికుడు లేడని రాయబడినది (నిర్గ. 2:12; 32:19; సంఖ్యా. 12:3). సభ ఎదుట ధైర్యముగా నిలిచిన పేతురు అంతియొకయలో భయపడి భోజనపు బల్ల నుండి తప్పుకొన్నాడు (అపొ. 4:13, గలతీ. 2:12). కొరింథులో పౌలును చూచినవారు అతడు ఎదుట ఉన్నప్పుడు బలహీనుడనే అన్నారు (2 కొరింథీ. 10:10). ఆ నాలుగు పెట్టెలలో ఎవరూ పూర్తిగా పట్టరు.

ఒక కష్టమైన భాగమును దాటవేయరాదు. క్రేతీయులను గూర్చి వారిలో ఒకడు చెప్పిన నిందావాక్యమును పౌలు ఎత్తిచూపి, అది నిజమేనన్నాడు (తీతు 1:12-13). ఇది జనమంతటికీ ఒక రకము అంటగట్టడము కాదా? అయితే అదే పత్రికను ఏడు వచనములు పైకి చదవండి. ఊరూరా పెద్దలను నియమించుమని తీతును క్రేతులో విడిచివచ్చినది ఆ పౌలే (1:5). ఆ పెద్దలు ఎక్కడి నుండి రావలెను? ఆ క్రేతీయులలో నుండియే గదా! మూడవ అధ్యాయములో, మనమును ఒకప్పుడు అట్టివారమేనని తన్ను కూడ వారితో కలుపుకొంటాడు (3:3). నింద నిజమైనా అది పిలుపును ఆపలేదు.

మన నేల మీద ఇది ఆగిన సందర్భమున్నది. కొన్ని జాతులు పుట్టుకతోనే నేరస్థులని 1871లో తెల్లదొరలు చట్టము చేశారు. 1911లో అది మద్రాసు రాజధానికీ వర్తించినది. ఆ తరువాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో ఎరుకల కుటుంబములను ఉంచి, ఆ కాలనీ నిర్వహణను ప్రభుత్వము సాల్వేషన్ ఆర్మీకి అప్పగించినది. సేవాభావముతో వెళ్ళినవారు అక్కడ హాజరు పట్టీ పట్టుకొనవలసి వచ్చినది. 1952లో చట్టము పోయినది గాని, ఆ ఊరి పేరు మీద మచ్చ చాలాకాలము పోలేదు. అరవై ప్రశ్నల కాగితము అంతటి క్రూరమైనది కాదు, నాకు తెలుసు. కాని దళిత, గిరిజన సంఘములలో సేవ చేసే మనము, ఇతడు ఈ రకము కాబట్టి ఇంతే అనే తీర్పు ఎవరి నోట వచ్చినా ఉలికిపడవలసినవారము.

అధ్యక్షుణ్ణి ఎన్నుకొనుటకు తిమోతికి ఇచ్చిన కొలత వేరు. ఇంటివారు, సంఘపువారు, చివరకు వెలుపటివారు అతణ్ణి గూర్చి ఏమి సాక్ష్యమిస్తారని అడుగుచున్నాడు పౌలు (1 తిమోతి 3:4-7). తన్ను గూర్చి తాను ఏమి రాసుకొన్నాడని కాదు. కలిసి బ్రదికినవారు ఏమి చూచారని. దీనికి నెలలు పడుతుంది, కాగితమునకు అరగంట చాలు. ఇందువల్లనే కాగితము గెలుస్తున్నదేమో.

ఆ సంస్థకు రెండవ ఉత్తరము రాశాను. ఈసారి ముగ్గురి సాక్ష్యములు జతచేశాను. ఒకరు ఆదివారపు బడికి పిల్లలను పంపే తల్లి. ఒకరు ఆ యువకుని పొలము పక్కనున్న రైతు, మన విశ్వాసములోనివాడు కాడు. మూడవవాడు పెంటలోని చెంచు, సంతకము రానివాడు. అతడు చెప్పినది చెప్పినట్టే రాశాను: "మా నాయిన జరమొచ్చి పండుకున్న మూడు దినాలు ఈ పిలగాడు ఏం మాట్లాడకుంట పక్కన కూసున్నడు." కింద వేలిముద్ర వేయించాను. జవాబు ఇంకా రాలేదు.