విమానం రోజు నుంచి వెనక్కి

జూన్ సగం దాటేసరికి నాకు ఎక్సెల్ షీట్లు రావడం మొదలవుతుంది. డాడ్ సంస్థ ఇచ్చే వైజ్ స్కాలర్‌షిప్ మీద జర్మనీ వెళ్ళిన మా ఇంజినీరింగ్ పిల్లలు పంపేవి అవి. రెండు మూడు నెలలు అక్కడి యూనివర్సిటీ ల్యాబుల్లో పనిచేస్తారు. పని ముగిశాక, తిరుగు విమానం ఎక్కేలోపు ఐదారు రోజులు చేతిలో మిగులుతాయి. ఆ రోజుల కోసం వేసుకున్న పట్టికలవి. చాలావాటిలో ఊళ్ళ వరస ఒకటే: ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, జ్యూరిక్, వెనిస్, ప్రాగ్. రాత్రి బస్సులో నిద్ర, పగలు ఊరు.

ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. వీళ్ళలో ఎక్కువమంది ఇంట్లో మొదటి పాస్‌పోర్ట్ వాళ్ళదే. మళ్ళీ ఎప్పుడొస్తామో, అసలు వస్తామో రామో అనే భయం ఆ ఐదు ఊళ్ళ వెనక ఉంది. అయినా నేను ప్రతిసారీ ఒకే మాట చెబుతాను: మీరు ఉన్న ఊరికి దగ్గరలోనే తిరగండి. రెండు నెలల్లో మీకు తెలియకుండానే ఒక విద్య వచ్చింది. ప్లాట్‌ఫాం మారిందని రైల్వే బోర్డు మీద పడితే చదవగలరు. ఆదివారం దుకాణాలు మూసేస్తారని శనివారమే పాలు, రొట్టె తెచ్చిపెట్టుకుంటారు. ఖాళీ సీసా మిషన్‌లో వేస్తే 25 సెంట్లు తిరిగి వస్తాయని తెలుసు. బేకరీలో రెండు ముక్కల జర్మన్ మాట్లాడతారు. సరిహద్దు దాటి పారిస్‌లో దిగితే ఇందులో చాలా భాగం పనికిరాదు, మళ్ళీ మొదటిరోజు మనిషే. నేర్చుకున్న చోట ఆ విద్యను ఒక్కసారైనా పని కోసం కాకుండా మీకోసం వాడుకోండి అంటాను.

ఈసారి ఆకెన్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. అయిదు దేశాల పట్టికే. ఆకెన్ బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దుల్లోనే ఉంది కాబట్టి ఆమె ఆశకు కారణం ఉంది.

"మేడమ్, అన్నిటికీ ఒకటే వీసా కదా, వెళ్ళకపోతే వృథా అనిపిస్తోంది" అంది.

"వీసా స్టిక్కర్ మీద రోజులు ఎన్ని ఉన్నాయో చూశావా అమ్మా?" అన్నాను.

షెంగెన్ వీసాలో చాలామంది చూడని గడి అది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందన్నది ఒకటి, ఆ మధ్యలో ఎన్ని రోజులు ఉండొచ్చన్నది ఇంకొకటి. రెండోది సాధారణంగా తక్కువ ఉంటుంది, లెక్కలోకి వచ్చేదీ అదే. దిగిన రోజు ఒకటి, వెళ్ళిపోయే రోజు ఇంకొకటి. స్వల్పకాలిక వీసా మీద ఏ 180 రోజులు తీసుకున్నా 90 మించకూడదు. అందుకని ఈ ప్రయాణం జులైలో మొదలయ్యేది కాదు, వీసా అప్లికేషన్ నింపేటప్పుడే మొదలవుతుంది. ఇంటర్న్‌షిప్ తర్వాత ఐదు రోజులు ఉంటానని అప్పుడే రాయాలి. ఇన్సూరెన్స్ కూడా అంతే. వీసాకు కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న పాలసీ అడుగుతారు, కానీ అది ఇంటర్న్‌షిప్ ఆఖరి రోజుతో ఆగిపోతే తర్వాతి ఐదు రోజులు మనం ఏ ఆసరా లేకుండా తిరుగుతున్నట్టే. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా అయితే, లండన్ వీసా వేరే తీసుకుని అటు వెళ్ళొద్దామన్న ఆలోచన కూడా మానుకోవాలి. బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు.

అప్పుడు ఆమెను విమానం రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాను. ఆదివారం రాత్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం. హైదరాబాద్‌కు నేరుగా పోయే లుఫ్తాన్సా సర్వీసు 2024లో మొదలైనప్పటి నుంచి మా పిల్లల్లో చాలామందికి అదే ఆఖరి ఊరు. అంటే శనివారం రాత్రి పడక ఫ్రాంక్‌ఫర్ట్‌కు లోకల్ రైలు దూరంలో ఉండాలి. ఇది ఖాయం చేసుకుంటే ప్రాగ్, వెనిస్ వాటంతటవే జారిపోతాయి. ఆ తర్వాతి ప్రశ్న సూట్‌కేసు. ఎవరి ప్రయాణ పుస్తకంలోనూ దానికి ఒక పేజీ ఉండదు గానీ, ఇంటర్న్‌షిప్ ముగించిన విద్యార్థి దారిని నిర్ణయించేది అదే. గది ఖాళీ చేశాక 23 కిలోల పెట్టె మనతోనే ఉంటుంది. దాన్ని ఈడ్చుకుంటూ రోజుకో ఊరు తిరిగితే గుర్తుండేది పెట్టె బరువే. పెట్టెకు ఒకే మజిలీ ఉండాలి, మనిషి ఎన్ని తిరిగినా సరే.

ఆ రెండు లెక్కల నుంచి మైన్జ్ తేలింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి అక్కడి నుంచి ఎస్8 లోకల్ బండిలో అరగంట. పెట్టెను అక్కడి హాస్టల్లో ఉంచి వీపు సంచితో తిరగొచ్చు. ఆకెన్ నుంచి మైన్జ్‌కు దారి కొలోన్ మీదుగా, రైన్ నది వెంట. ఇందులో ఏ ముక్కకూ ఎక్స్‌ప్రెస్ టికెట్ అక్కర్లేదు. డాయిష్‌లాండ్ టికెట్ అని నెలవారీ పాస్ ఉంది, 2023 మేలో 49 యూరోలతో మొదలై 2026 జనవరి నుంచి 63 అయింది. దేశమంతా లోకల్, రీజినల్ బళ్ళలో చెల్లుతుంది, ఐసీఈ అనే హైస్పీడ్ బళ్ళలో చెల్లదు. క్యాలెండర్ నెల లెక్క కాబట్టి పని జులై 31తో ముగిసి ప్రయాణం ఆగస్టులో పడితే నాలుగు రోజుల కోసం నెల డబ్బులు కట్టాలి. రద్దు చేయాలంటే ఆ నెల పదో తేదీలోపు చెప్పాలి. వీలైతే ప్రొఫెసర్‌ను అడిగి పని నాలుగు రోజులు ముందే ముగించుకోమంటాను. కాస్త గౌరవంగా, నెల ముందు అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఐసీఈలో గంట ప్రయాణం. 2002లో వేసిన ఆ హైస్పీడ్ లైన్ మీద బండి 300 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, సొరంగాల్లో దూరి బయటపడుతుంది, నది మాత్రం కనబడదు. పాత లైన్‌లో కొలోన్ నుంచి మైన్జ్‌కు మూడు గంటలకు దగ్గర పడుతుంది. కోబ్లెంజ్‌లో మోజెల్ వచ్చి రైన్‌లో కలిసేచోటు దాటాక లోయ ఇరుకవుతుంది. ఇటూ అటూ ద్రాక్షతోటలు, గట్ల మీద కోటలు, అవతలి ఒడ్డున లోరెలై బండ. యునెస్కో 2002లో వారసత్వ జాబితాలో చేర్చిన లోయ ఇది. అంతకంటే ముందు, కొలోన్‌లో పెట్టెను స్టేషన్ లాకర్లో పడేసి బయటికి వస్తే ఎదురుగా ఆ ఊరి పెద్ద చర్చే. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేశారు. 533 మెట్లెక్కి గోపురం పైకి వెళ్ళొచ్చు.

నాకు ఇష్టమైన మజిలీ మాత్రం బకరాక్. చిన్న ఊరు. పైన ష్టాలెక్ కోట, ఆ కోటలోనే యూత్ హాస్టల్. యూత్ హాస్టల్ అన్న ఆలోచన పుట్టింది కూడా జర్మనీలోనే. 1909లో రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు పిల్లల్ని కాలినడకన తిప్పుతుండగా గాలివాన పట్టుకుంది. ఒక ఊరి బళ్ళో తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా పడి ఉండే బళ్ళు నడిచే పిల్లలకు రాత్రి పడకలు ఎందుకు కాకూడదని ఆయనకు ఆ రాత్రి తోచింది. కొన్నేళ్ళకే ఆల్టెనా కోటలో హాస్టల్ వెలిసింది. మన దేశంలోని యూత్ హాస్టల్స్ అసోసియేషన్ సభ్యత్వ కార్డు తీసుకుని వెళ్తే అక్కడా చెల్లుతుంది. వేసవిలో బడి పిల్లల గుంపులు వస్తాయి కాబట్టి ముందే బుక్ చేయాలి.

ఈలోగా ఆకెన్ అమ్మాయికి ఇంటినుంచి అమ్మ ఫోన్. "ఒక్కదానివే కోటలో పడుకోవడమేంటే, ఎవరైనా తోడుంటే కదా!" ఆ అమ్మ భయాన్ని తీసిపారేయడం నాకు చేతకాదు, తీసిపారేయకూడదు కూడా. ఒంటరిగా వెళ్ళడమంటే ఎవరికీ చెప్పకుండా వెళ్ళడం కాదు. ఏ రాత్రి ఎక్కడ పడకో ముగ్గురికి తెలియాలి: ఇంట్లో ఒకరికి, ల్యాబ్‌లో ఒకరికి, నాకు. అత్యవసరమైతే 112, ఏ దేశం వెళ్ళినా యూరప్‌లో అదే నంబరు. జులై చివర్లో అక్కడ పొద్దు రాత్రి తొమ్మిది దాటాకే కుంకుతుంది, కాబట్టి చీకటి కంటే హాస్టల్ రిసెప్షన్ ఎప్పుడు మూస్తారన్నదే పట్టించుకోవాల్సిన సంగతి. ఇదంతా ఆ అమ్మాయి అమ్మకు చెప్పింది. అమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు. రోజూ రాత్రి వీడియో కాల్ షరతు పెట్టింది. న్యాయమైన షరతే.

తోడు లేకపోవడం వల్ల దొరికేది ఒకటుంది. ఒక రాయి ముందు ఎంతసేపు నిలబడ్డా "పద పద" అనేవాళ్ళుండరు. బకరాక్‌లో కోటకు ఎక్కే దారిలో కప్పులేని ఎర్రరాతి గుడి ఒకటి ఉంది, వెర్నర్ చాపెల్. ఫొటోలో ఎంతో అందంగా వస్తుంది. 1287లో వెర్నర్ అనే కుర్రవాడు చనిపోతే ఆ నేరాన్ని యూదుల మీద వేశారు. పచ్చి అబద్ధం. ఆ అబద్ధం పేరున రైన్ ఒడ్డున యూదుల్ని చంపారు, ఆ కుర్రవాణ్ణి పుణ్యపురుషుణ్ణి చేసి ఈ గుడి కట్టారు. అతని పేరును చర్చి తన పండుగల పట్టిక నుంచి తీసేసింది 1963లో. ఇది తెలిసి ఆ గోడల ముందు నిలబడాలి. మర్నాడు మైన్జ్‌లో సెయింట్ స్టీఫెన్ చర్చికి వెళ్ళాలి. యుద్ధంలో బాంబులు పడి దెబ్బతిన్న చర్చి. దాని కిటికీలకు నీలి అద్దాల బొమ్మలు వేసినవాడు మార్క్ షగాల్, నాజీల నుంచి తప్పించుకుని 1941లో యూరప్ విడిచిన యూదు చిత్రకారుడు. ఆ చర్చి ఫాదర్ ఉత్తరాలు రాసి అడిగితే ఒప్పుకున్నాడు. మొదటి కిటికీ 1978లో అమర్చేటప్పటికి ఆయనకు 91 ఏళ్ళు. 1985లో చనిపోయేవరకు వాటి మీదే పనిచేశాడు. ఆ గుడికీ ఈ కిటికీలకూ మధ్య రైల్లో ముప్పావుగంట. అయిదు దేశాల పట్టికలో ఈ రెండిటికీ చోటుండేది కాదు. దగ్గరలోనే తిరగమని నేను పట్టుబట్టేది ఇందుకే.

1830లో మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య సెలవు పెట్టి కాశీయాత్రకు బయల్దేరాడు. ఆయన వెంట పెద్ద పరివారమే ఉంది, ఒంటరి ప్రయాణం కాదు. కానీ ప్రతి మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, దారి ఎలాంటిది అని రాసి స్నేహితుడు శ్రీనివాసపిళ్ళకు పంపాడు. తన వెనక వచ్చేవాళ్ళు ఇబ్బంది పడకూడదని ఆయన తాపత్రయం. మా పిల్లల్ని కూడా అదే అడుగుతాను: తిరిగొచ్చాక జూనియర్లకు ఒక పేజీ రాసివ్వండి, అందాల వర్ణన వద్దు, పనికొచ్చేవి రాయండి.

ఆకెన్ అమ్మాయి పేజీ ఆగస్టులో వచ్చింది. కొలోన్ నుంచి మైన్జ్ పోయే బండిలో ఎడమవైపు కూర్చోండి, నది అటే. కోటకు మెట్లు చాలా ఉన్నాయి, పెద్ద పెట్టెతో రావద్దు, తినేవి కింద ఊళ్ళోనే కొనుక్కోండి. మర్నాడు ఓబర్‌వేజల్‌కు రైలెక్కకుండా నడవండి, పక్క స్టేషనే. షగాల్ కిటికీలు ఆదివారం ప్రార్థన ముగిశాకే చూడనిస్తారు, విమానం రాత్రికుంటే సరిపోతుంది. ఒకరోజు ఏ పనీ పెట్టుకోకుండా ఉంచుకోండి, నాకు ఆ రోజంతా నిద్రకే పోయింది, అదీ అవసరమే.