తొంభై తొమ్మిది వరసల చిట్టా

కార్డు మీద చిన్న అంకెలు అచ్చేసి ఉంటాయి. 41/99 అనుకుందాం. ఇలాంటివి మొత్తం 99 అచ్చేశారు, నీ చేతిలోది నలభై ఒకటోది అని దాని అర్థం. కొన్నవాళ్లకు ఆ అంకె ఒక భరోసా. అయితే ఆ 99 అనేది ప్రెస్సు గుమ్మం దాటిన రోజు లెక్క. ఆ తర్వాత ఇల్లు అంటుకోవచ్చు, నేలమాళిగలోకి వరద నీళ్లు రావచ్చు, పసిపిల్ల చేతికి కత్తెర దొరకొచ్చు. ఇవాళ్టికి ఎన్ని మిగిలాయి? కార్డు మీది అంకె ఆ సంగతి చెప్పదు. కొందరు సేకర్తలు ఎవరూ అడక్కుండానే, ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసుకుంటూ వచ్చిన చిట్టాలు చెబుతాయి. నాకు ఆ చిట్టాల పనితనం మీద గౌరవం. కార్డుల మీదికంటే ఎక్కువ.

హాకీ అంటే మనకు ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం. ఇక్కడ చెబుతున్నది కెనడా, అమెరికాల్లో మంచు మీద ఆడే హాకీ. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మల కోసం జేబులు ఖాళీ చేసుకున్న వాళ్లకు ఈ పిచ్చి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ అది నూరేళ్ల నాటిది. ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంట్‌ఫర్డ్‌లో విలియం పాటర్సన్ అనే మిఠాయి కంపెనీ 1923-24లో నలభై కార్డుల సెట్టు వేసింది. సెట్టు పూర్తిచేసిన పిల్లలకు ఐస్ స్కేట్ల జత బహుమతి. అందరూ పూర్తిచేస్తే కంపెనీ తట్టుకోలేదు కదా, అందుకని ఇరవై అయిదో నంబరు కార్డును బాగా తక్కువ అచ్చేశారు. దాని మీద ఉన్న ఆటగాడు బెర్ట్ కోర్బో. ఆ కార్డు ఇప్పుడు దొరకడం గగనం. కానీ ఎన్ని అచ్చేశారో అప్పట్లో ఎవరూ కార్డు మీద వేయలేదు. హారం లేని భిన్నం అది. ఎన్ని పోయాయో లెక్కగట్టడానికి పట్టుకొమ్మ లేదు.

నంబరు వేసిన కార్డులతో ఆ పట్టుకొమ్మ దొరికింది. అందరూ ముందుగా చెప్పుకునే ఉదాహరణ 2005-06లో అప్పర్‌డెక్ కంపెనీ తెచ్చిన ‘ది కప్’ సెట్టు. అక్కడి పెద్ద లీగులో అంతకు ముందు సీజన్ జీతాల గొడవతో మొత్తం రద్దయింది. దాంతో 2004లో ఎంపికైన అలెగ్జాండర్ ఒవెచ్కిన్, 2005లో ఎంపికైన సిడ్నీ క్రాస్బీ ఇద్దరూ ఒకే ఏడు తొలిసారి ఆ లీగులో ఆడారు. ఇద్దరికీ ఆ సెట్టులో తొలి ఏడాది కార్డులున్నాయి. దళసరి అట్ట, ఆటగాడు స్వయంగా కార్డు మీదే చేసిన సంతకం, మధ్యలో కిటికీలా కోసి అందులో అమర్చిన జెర్సీ ముక్క. ఒక్కొక్కరివి 99 మాత్రమే. చిట్టా రాసేవాళ్లు చేసే మొదటి పని 1 నుంచి 99 దాకా ఖాళీ వరసలు గీసుకోవడం. క్రాస్బీ జెర్సీ నంబరు 87 కాబట్టి 87/99 వరస మీద అందరి కన్నూ ఉంటుంది. మంచి చిట్టాలో మాత్రం ఆ వరసకు ఎంత శ్రద్ధో, పేరూ ఊరూ లేని 52వ వరసకూ అంతే శ్రద్ధ.

ఈ పనికి కావలసిన అసలు నేర్పు జెర్సీ ముక్క దగ్గర తెలుస్తుంది. క్రాస్బీ ఆడే పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ జట్టు రంగులు అప్పట్లో నలుపు, తెలుపు, బూడిద కలిసిన లేత బంగారు రంగు. జెర్సీ మీది అంకెనో ముద్రనో కోసిన ముక్కయితే రెండు మూడు రంగులు కలిసి వస్తాయి. దాన్ని ప్యాచ్ అంటారు. ఒంటిరంగు ముక్క కంటే దాని ధర చాలా ఎక్కువ. అందుకే కొందరు కిటికీలోని సాదా ముక్కను పీకేసి, వేరే జెర్సీలోంచి కోసిన రంగురంగుల ముక్కను అతికిస్తారు. నంబరు అదే, సంతకం అదే. లోపలి గుడ్డ మాత్రం వేరు.

దీన్ని పట్టుకునే తీరు చూడాలి. జెర్సీ మీద అంకెల గుడ్డను పొరలు పొరలుగా వేసి, అంచుల వెంబడి వంకరటింకర కుట్టు వేస్తారు. ఆ కుట్టుకు రంపానికి ఉన్నట్టు పళ్లుంటాయి. పాత వేలం ఫొటోలో తెల్లగుడ్డ అంచు కిటికీ ఎడమ మూల నుంచి ఏటవాలుగా పైకి పోతోంది, దాని మీద ఆరు పళ్లున్నాయి, నాలుగో పన్ను దగ్గర పోగు ఒకటి లేచి ఉంది అనుకుందాం. ఆరేళ్ల తర్వాత అదే నంబరు కార్డు మళ్లీ అమ్మకానికి వచ్చినప్పుడు ఆ పోగు అక్కడే ఉండాలి. రంగును నమ్మరు. స్కానర్‌లో బంగారు రంగు గోధుమగా, ఫోన్ ఫొటోలో పసుపుగా కనబడుతుంది. కుట్టు మాత్రం మారదు. చీర అంచు వేళ్ల మధ్య నలిపి ఏ ఊరి మగ్గమో చెప్పే నేతగాళ్లు మనకున్నారు. ఈ చిట్టా రాసేవాళ్లది అలాంటి కన్నే. కాకపోతే వాళ్లకు గుడ్డ చేతికి అందదు, ఫొటోతోనే సరిపెట్టుకోవాలి.

సంతకమూ సాక్ష్యమే. ఒకే మనిషి తొంభై తొమ్మిది సార్లు సంతకం చేసినా ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకదానిలో తోక కిటికీని తాకుతుంది, ఇంకోదానిలో తాకదు. అమ్మేవాళ్లు నంబరు కనబడకుండా ఫొటో పెట్టినా చిట్టా రాసేవాళ్లు ఆ వంపును బట్టి ఏ వరసలోదో చెప్పేయగలరు. ఒకే నంబరు, రెండు వేర్వేరు సంతకాలు కనబడ్డాయా, రెండింటిలో ఒకటి దొంగది.

దెబ్బను చదవడం మరో విద్య. 1979-80 ఓ-పీ-చీ సెట్టులోని హాకీ దిగ్గజం వేన్ గ్రెట్‌జ్కీ తొలి కార్డు నంబరు వేసింది కాదు గానీ, ఈ విద్య నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. కెనడాలోని లండన్‌లో ఆ కంపెనీ కార్డుల షీట్లను తీగతో కోసేది. అందుకని అంచులు గరుగ్గా, పీచు లేచినట్టు ఉంటాయి. తెలియనివాళ్లు చూస్తే పాడైన కార్డనుకుంటారు. తెలిసినవాళ్లు గరుకు అంచు చూసి తల ఊపుతారు, మరీ నున్నటి అంచు చూసి అనుమానపడతారు. ఎవరో బ్లేడుతో ఒక వెంట్రుకవాసి కోసి ఉండొచ్చు. ఇది ఊరికే పడే భయం కాదు. హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఒకదాన్ని 1991లో ఇదే గ్రెట్‌జ్కీ, తన జట్టు సొంతదారు బ్రూస్ మెక్‌నాల్‌తో కలిసి 4,51,000 డాలర్లకు కొన్నాడు. లోకంలోకెల్లా గొప్ప స్థితిలో ఉన్న కార్డని దాన్ని ఇరవై ఏళ్లకు పైగా కొనియాడారు. దాని అంచులు తానే కోశానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. పాడుచేయడం వల్లే అది కొత్తగా కనబడింది.

పీఎస్ఏ, బెకెట్ లాంటి గ్రేడింగ్ సంస్థలు కార్డును పరీక్షించి, పదికి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతాయి. ఏ కార్డుకు ఏ మార్కు ఎన్నిసార్లు ఇచ్చారో పట్టిక కూడా ప్రకటిస్తాయి. మిగిలినవెన్నో దానివల్ల తెలుస్తుందనుకుంటే పొరపాటు. ఎనిమిదిన్నర వచ్చినవాళ్లు పెట్టె పగలగొట్టి, తొమ్మిది వస్తుందేమోనని మళ్లీ పంపుతారు. పట్టికలో ఒక కార్డు రెండవుతుంది. చిట్టాలో అలా జరగదు. అది నంబరు వెంట నడుస్తుంది కాబట్టి, ఒకే కార్డు రెండు పెట్టెల్లో ఎప్పుడెప్పుడు ఉందో తేదీలతో సహా ఒకే వరసలో కనబడుతుంది.

ఇక పోయిన కార్డులు. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చినది ఇక్కడి నిగ్రహం. మిగతావి తగ్గితే తన కార్డు ధర పెరుగుతుంది. కాబట్టి ఫలానా నంబరు మంటల్లో పోయిందట అనే మాట పుట్టించడానికి ఎవరికో ఒకరికి లాభం ఉంటుంది. అందుకే మంచి చిట్టాలో ‘నాశనమైంది’ అనే మాట అంత తేలిగ్గా పడదు. కాలిన అట్ట మీద నంబరు కనబడే ఫొటో ఉంటే ఆ మాట రాస్తారు. నీళ్లలో నాని, పొరలు విడిపోయి, జెర్సీ ముక్క ఊడివచ్చిన కార్డు ఫొటో ఉంటే ‘పాడైంది’ అని రాసి, ఏ పొర ఎక్కడ విడిందో చెబుతారు. సొంతదారు మాట ఒక్కటే ఆధారమైతే ‘సొంతదారు చెప్పినది’ అని రాసి ఊరుకుంటారు. మన తాళపత్ర గ్రంథాల పట్టికల్లో సమగ్రం, అసమగ్రం, శిథిలం అని విడివిడిగా రాసిపెట్టిన పండితుల జాగ్రత్త గుర్తొస్తుంది. ఆకులు లేవని రాస్తారు, ఎవరో చించేశారని ఊహించి రాయరు.

ముక్క మార్చిన కార్డును ఏ ఖాతాలో వేయాలన్నది మాత్రం తేలని తగువు. అట్ట ఉంది, సంతకం ఉంది, బతికే ఉన్నట్టని కొందరంటారు. నేను ఒప్పుకోను. కాలిపోయిన కార్డు తన సంగతి తాను దాచుకోదు, ఇది కొనేవాళ్లందరికీ అబద్ధం చెబుతూ తిరుగుతుంది. దానికి వేరే గుర్తు పెట్టి, పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ పక్కపక్కన ఉంచే చిట్టాలే సరైనవని నా అభిప్రాయం.

ఇంత పట్టింపు ఒక అట్టముక్క కోసమా అంటే, దాని వెనక పోయినవి చాలా ఉన్నాయి. మాంట్రియల్ గోల్‌కీపర్ జార్జ్ వెజీనా 1926లో క్షయతో చనిపోయాడు. ఆయన పేరు మీద ఇప్పటికీ ఏటా ఉత్తమ గోల్‌కీపర్‌కు ట్రోఫీ ఇస్తారు. ఆయన కాళ్లకు కట్టుకున్న ప్యాడ్లను ఒక కార్డుల కంపెనీ కొని, ముక్కలు కోసి కార్డుల్లో అతికించింది. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ ప్యాడ్లు మళ్లీ ఒకటి కావు. ఏ ముక్క ఎక్కడుందో రాసిపెట్టుకోవడమొక్కటే మిగిలిన దారి. అలాంటి కార్డు ఒకటి తడిసి పాడైతే, పాడయ్యేది అట్ట ఒక్కటే కాదు.

చిట్టాలో చివరి గడికి ‘ఇప్పుడు ఎక్కడుంది’ అని పేరు పెట్టరు. ‘చివరిసారి కనబడింది’ అని పెడతారు. దాని కింద ఒక ఏడాది, ఒక ఫొటో, పై ఎడమ మూలలో ఆవగింజంత తెల్లమచ్చ అనే చిన్న వాక్యం. మళ్లీ ఎప్పుడైనా ఆ నంబరు వేలానికి వస్తే ముందుగా వెతికేది ఆ మచ్చనే. అందాకా పక్క గడి ఖాళీగానే ఉంటుంది.